సీసాలో 100 డోసులు, పెరట్లో 11 కోళ్లు

2024 సంక్రాంతికి ముందూ తర్వాతా కలిపి పది రోజుల్లో రాజమహేంద్రవరంలో ఒక ఇంటి పెరట్లో 11 కోళ్లకు 7 పోయాయి. ఆ ఇంటావిడ పేరు, వీధి పేరు రాయను. మిగతాదంతా నా కేసు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, నా పొరపాటుతో సహా. వాటిని చంపింది కొక్కెర తెగులు. కోళ్ల ఫారాలు చూసే డాక్టర్లకు ఈ జబ్బు కొట్టినపిండి. నేను రాస్తున్నది వాళ్ల కోసం కాదు. ఊళ్లో ఐదో పదో కోళ్లు పెంచుకునేవాళ్ల కోసం, వాళ్లు పిలిస్తే వెళ్లే నాలాంటి పశువైద్యుల కోసం.

ఆవిడ రిటైరైన టీచరు. భర్త పోయాక, పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడ్డాక, తోడుకని నాలుగు నాటు పెట్టలతో మొదలుపెట్టారు. తర్వాత ఐదు గ్రామప్రియ పెట్టలు కొన్నారు. గ్రామప్రియ అంటే రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం. చూడ్డానికి నాటుకోడిలాగే ఉంటుంది, గుడ్లు మాత్రం చాలా ఎక్కువ పెడుతుంది. వీటన్నిటికీ పెద్ద దిక్కుగా ఒక డేగ పుంజు. ఇంటి వెనక మూడు సెంట్ల జాగా, రెండు కొబ్బరి చెట్లు, ఒక మునగ చెట్టు. పాత ఇనప మంచం చట్రానికి వల బిగించి గూడు కట్టించారు. పిల్లులు, ముంగిసలు దూరకుండా రాత్రిళ్లు తలుపుకి రెండు గొళ్లాలు. పొద్దున్నే నూకలు, తవుడు, కాసిని జొన్నలు, సాయంత్రం గుడ్ల కోళ్లకు వేసే లేయర్ దాణా. ఆల్చిప్పల పొడి వేరే మూకుట్లో పెడతారు, ఏ పెట్టకు కావాలంటే అది తింటుంది. రోజుకి నాలుగైదు గుడ్లొచ్చేవి. రెండు ఉంచుకుని మిగతావి చుట్టుపక్కల పసిపిల్లలున్న ఇళ్లకు ఇచ్చేవారు. నేను చూసిన పెరళ్లలో ఇంత శుభ్రంగా ఉన్నవి తక్కువ. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కోళ్లు పోతే ఊరంతా ముందు అనేది "శుభ్రం లేక" అని. ఇక్కడ ఆ లోటు లేదు.

జనవరి 7 ఆదివారం సంతలో ఆవిడ ఒక నల్ల పెట్టను కొన్నారు. మనవడికి కాకి రంగు కోడంటే ఇష్టం, పండక్కి వస్తున్నాడు. తెచ్చిన సాయంత్రమే దాన్ని మిగతా వాటితో గూట్లోకి తోలారు. 12న అది ఒక మూల ముడుచుకు కూర్చుంది. 13న, రేపు భోగి అనగా, చచ్చిపోయింది. కొత్తచోటు పడలేదనుకున్నారు. పనిమనిషి దాన్ని కవర్లో చుట్టి వెనక ఖాళీ స్థలంలో పడేసింది. అక్కడ కాకులూ, కుక్కలూ ఉంటాయి.

17 రాత్రి నాకు ఫోన్ వచ్చింది. "డాక్టర్ గారూ, రెండు పెట్టలకి జలుబు చేసినట్టుందండి. గురక పెడుతున్నాయి, మేత ముట్టలేదు" అన్నారు. జనవరి చలిలో ఇలాంటి ఫోన్లు నాకు వారానికి మూడు నాలుగు వస్తాయి. శ్వాసకోశ ఇన్ఫెక్షన్ అయ్యుంటుందని నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ చెప్పి, రెండు రోజులు చూడమన్నాను. అడగాల్సిన మొదటి ప్రశ్న అడగలేదు: "ఈ నెల్లో కొత్త కోడి ఏదైనా తెచ్చారా?" ఆ ఒక్క మాట అడిగుంటే ఆ రాత్రే వెళ్లేవాణ్ణి. కనీసం జబ్బు కోళ్లను వేరుచేయమని, పెరటి తలుపు మూయమని చెప్పేవాణ్ణి. ఆ రెండు రోజుల్లో ఆవిడ చెప్పులతోనూ, మేత గిన్నెతోనూ వైరస్ పెరడంతా తిరిగింది. ఇప్పుడు కోడి పేరుతో ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ ప్రశ్నే అడుగుతాను.

19 శుక్రవారం పొద్దున వెళ్లేసరికి రెండు చచ్చిపోయి ఉన్నాయి. ఒకటి ముందు రోజుది, ఒకటి ఆ తెల్లవారుజామునే పోయింది. నాలుగు జబ్బుగా ఉన్నాయి. ఒక నాటు పెట్ట గోడవార కళ్లు అరమూసి, ఈకలు ఉబ్బరించుకుని నిలబడింది. కొద్దిసేపటికోసారి మెడ చాచి, ముక్కు తెరిచి, సన్నగా కీచుమంటూ ఊపిరి లాగుతోంది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. మేతసంచి నొక్కితే గింజ తగల్లేదు, నీళ్ల తిత్తిలా జారింది. తల కిందికి వంచితే నోట్లోంచి పుల్లటి వాసనతో జిగట నీరు కారింది. తోక కింద ఈకలన్నీ ఆకుపచ్చా తెలుపూ కలిసిన రెట్టతో అట్టకట్టాయి. ఇంకో గ్రామప్రియ ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాచి పడుకుంది, లేపితే ఒరిగిపోతోంది. గూటి మూలలో రెండు తోలుగుడ్లు, పెంకు లేకుండా మెత్తగా ఉన్నాయి.

గురక, పచ్చటి పారుడు, తోలుగుడ్లు, కాళ్లు పడిపోవడం. ఈ నాలుగూ ఒకే పెరట్లో కనిపిస్తే మన పెద్దవాళ్లు వేరే పరీక్ష అడగరు, కొక్కెర తెగులు అంటారు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లోనూ జావాలోనూ 1926లో గుర్తించిన జబ్బు ఇది. 1927లో మన దేశంలో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో బయటపడింది కాబట్టి మనకు రాణిఖేత్ జబ్బు అన్న పేరు కూడా స్థిరపడింది. దీనికి మన దేశంలో వాడే ఆర్2బి టీకా కూడా అదే కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌లో తయారైంది. నేను చదువుకునే రోజుల్లో ఈ సంగతి విని ఎంతో సంబరపడ్డాను.

కానీ కళ్లతో చూసి తేల్చేయకపోవడానికి ఒక కారణం ఉంది. బర్డ్ ఫ్లూ కూడా ఇలాగే మొదలవుతుంది. తురాయి నీలంగా మారడం, మొహం వాయడం, కాళ్ల మీద రక్తపు మచ్చలు, ఒక్కరోజులో గుంపు మొత్తం కూలిపోవడం దాని వైపు చూపిస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. లేకపోయినంత మాత్రాన అది కాదని ఏ డాక్టరూ చెప్పలేడు. అందుకే అక్కణ్ణుంచే ప్రభుత్వ పశువైద్యాధికారికి ఫోన్ చేసి చెప్పాను. టీచర్ గారి మొహం పాలిపోయింది. "అయితే వీధి కోళ్లన్నీ చంపేస్తారా బాబూ?" అన్నారు. ఆ భయంతోనే చాలామంది చెప్పకుండా దాస్తారు. ఫలితం వచ్చేదాకా ఎవరూ ఏ కోడినీ ముట్టుకోరని, దాచితే మాత్రం ముప్పు వీధి మొత్తానికని ఆవిడకు చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనలేదు, వెళ్లి పెరటి తలుపుకి తాళం వేసి వచ్చారు.

తెల్లవారుజామున పోయిన పెట్టను కోసి చూశాను. మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు ఉన్నాయి. ఈకల దుమ్ము లేవకుండా కోడిని ముందు సబ్బునీళ్లలో ముంచాను. అయినా ఈరోజైతే ఆ పని పెరట్లో చేయను. బర్డ్ ఫ్లూ అనుమానం ఉన్నప్పుడు కోడిని కోయకుండా ల్యాబ్‌కి పంపడమే సరైన పద్ధతి. అప్పటికి నాకు తొందరగా తెలుసుకోవాలన్న ఆత్రమే ఎక్కువ.

కార్జం మామూలుగా ఉంది. కోళ్ల కలరా అయితే దాని మీద సూదిమొనంత తెల్లచుక్కలు ఉండాలి, లేవు. కందనకాయ కోసేవాళ్లందరూ దాని పైన వేలంత పొడవున్న మెత్తటి గొట్టాన్ని చూసే ఉంటారు. కోడి అసలు పొట్ట అదే. దాన్ని నిలువుగా చీల్చి, లోపలి జిగురును నీళ్లతో కడిగాను. లోపలి పొర నిండా చిన్న చిన్న బుడిపెలు వరసగా ఉంటాయి, పుల్లరసం ఊరేది వాటిలోంచే. ఆ బుడిపెల్లో చాలావాటి కొసన, కుంకుమ చుక్క పెట్టినట్టు, ఎర్రటి రక్తపు బొట్టు ఉంది. పేగు చివర రెండు గొట్టాలు చీలే చోట కూడా వాచి నల్లగా రక్తం పేరుకుంది. పుస్తకంలో బొమ్మ వేసినట్టున్న కొక్కెర తెగులు. బర్డ్ ఫ్లూలోనూ ఇక్కడ రక్తపు చుక్కలు రావచ్చు, కాబట్టి ముక్కు, మలద్వారాల నుంచి తీసిన నమూనాలను ఐస్‌లో పెట్టి అధికారి ద్వారా ల్యాబ్‌కి పంపాం. తర్వాత వచ్చిన కబురు: బర్డ్ ఫ్లూ లేదు, కొక్కెర తెగులు వైరస్ ఉంది.

మందు లేని జబ్బుకు ఏం చేశానో చెప్పడానికి ఎక్కువ లేదు. జబ్బు కోళ్లను స్నానాల గది పక్కనున్న చిన్న గదిలోకి మార్చాం. నీళ్లలో ఎలక్ట్రాల్, బెల్లం, బి విటమిన్లు కలిపి ఇచ్చాం. 20న ఒకటి, 21న రెండు పోయాయి. కాళ్లు పడిపోయిన గ్రామప్రియ 22కి తల కూడా నిలపలేకపోయింది. టీచర్ గారి అనుమతితో నేనే దాన్ని నొప్పి లేకుండా ముగించాను. ఆవిడ బయట వరండాలో తల వంచుకుని కూర్చున్నారు. మిగిలినవి రెండు గ్రామప్రియలు, ఒక నాటు పెట్ట, పుంజు.

పూడ్చడం పల్లెటూళ్లో పెద్ద మాట కాదు. పట్నంలో మట్టి ఎక్కడుంది? చచ్చిన కోడి డ్రైనేజీలోనో చెత్తబండిలోనో పడుతుంది. ఇక్కడ అదృష్టంకొద్దీ కొబ్బరి చెట్ల మధ్య జాగా ఉంది. నాలుగడుగుల గొయ్యి తీయించి, ఒక్కో కోడి మీద సున్నం పోసి పూడ్చాం. పనిమనిషి మెల్లగా అడిగింది, "జబ్బు ముదరకముందే కోసుకుంటే తప్పేంటండీ" అని. చాలా ఇళ్లలో జరిగేది అదే. కోసిన చోటి నీళ్లు, ఈకలు, పేగులు వీధిలోకి వెళ్తాయి, వాటితో జబ్బూ వెళ్తుంది. ఇంకా దారుణం, జబ్బు కనబడగానే మిగతా వాటిని సంతకు తీసుకెళ్లి అమ్మేయడం. నల్ల పెట్ట టీచర్ గారి ఇంటికి అలాగే వచ్చిందని నా నమ్మకం.

నాలుగో రోజున టీచర్ గారి ఒక కన్ను ఎర్రబడింది. కోళ్లకు నోట్లో మందు పోస్తూ చేత్తో కన్ను నలుపుకున్నారు. ఈ వైరస్ మనుషులకు చేసేది మామూలుగా ఇంతే, కళ్లకలక లాంటిది. కంటి డాక్టరుకి చూపించమన్నాను, వారంలోపే తగ్గింది.

ఇక అసలు ప్రశ్న. ఇంత శ్రద్ధగా పెంచే మనిషి టీకా ఎందుకు వేయించలేదు?

వేయించాలనుకున్నారు. 2023 వానాకాలంలో మందుల షాపుకు వెళ్లి అడిగారు. ఆర్2బి సీసాలో 100 డోసులుంటాయి. కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. "పది కోళ్లకి వంద డోసులెందుకమ్మా, దండగ" అన్నాడట షాపతను. ఆవిడ తిరిగి వచ్చేశారు. గ్రామప్రియలకు పిల్లలప్పుడు కంట్లో చుక్కల టీకా, అంటే లసోటా, వేసే అమ్మారు. పెద్దయ్యాక వేయాల్సిన ఆర్2బి ఎవరూ వేయలేదు. నాటువాటికి ఏదీ లేదు.

నిజానికి ఆ సీసా ధర ఒక నాటుకోడి ధరకన్నా తక్కువ. తొంభై డోసులు పారబోసినా నష్టం లేదు. కానీ మన ఇళ్లలో వస్తువు పారబోయడానికి చేయి రాదు. ఆ మనసును నేను తప్పుపట్టను. నేనూ కొందరితో అదే మాట అన్నాను, "పదింటికి సీసా తెరవలేనమ్మా, ఇంకెవరైనా వస్తే చెబుతా" అని. ఆ ఇంకెవరో ఎప్పుడూ రాలేదు. ఫారాలకు తగ్గట్టు తయారైన సీసా అది. పెరటి కోడికి తగ్గ సీసా కావాలి. అది వచ్చేదాకా సీసాకు తగ్గ కోళ్లను మనమే పోగుచేయాలి.

పోగుచేసింది టీచర్ గారే. 21 సాయంత్రం, రెండు కోళ్లు పూడ్చి వచ్చాక, పాత హాజరుపట్టీ ఒకటి తీసి వీధిలో ఎవరింట్లో ఎన్ని కోళ్లున్నాయో ఫోన్లు చేసి రాసుకున్నారు. తన పెరట్లో జబ్బుంది కాబట్టి తాను ఎవరింటికీ వెళ్లలేదు. ఆటో నడిపే అతనింట్లో 14, టైలరమ్మ దగ్గర 6, డాబా మీద పెంచే ఒక కుర్రాడి దగ్గర 22. ఎవరూ ఊహించనంత మంది దగ్గర ఉన్నాయి. మొత్తం 9 ఇళ్లు, 83 కోళ్లు.

నేను టీచర్ గారి ఇంటికి వెళ్లిన బట్టలతో వాళ్ల గడప తొక్కలేదు. మర్నాడు పొద్దున్నే, వేరే చెప్పులతో, ఐస్ ఫ్లాస్కులో టీకాతో ఆ ఇళ్లకు వెళ్లాను. జబ్బు అంత దగ్గర్లో ఉన్నప్పుడు ఘాటైన ఆర్2బి కాకుండా ముందు లసోటా వేయడం నా పద్ధతి. ఆరోగ్యంగా ఉన్న ప్రతి కోడికీ కంట్లో ఒక చుక్క. చుక్క వేశాక కోడి రెప్ప ఆర్పేదాకా పట్టుకోవాలి, లేకపోతే తల విదిలించి పారేస్తుంది. అప్పటికే వైరస్ సోకిన కోడికి ఇది ఏమీ చేయదని ప్రతి ఇంట్లోనూ ముందే చెప్పాను. టైలరమ్మ పెట్టల్లో రెండు ఆ వారంలోనే పోయాయి. ఆవిడ ఇల్లు నల్ల పెట్టను పడేసిన ఆ ఖాళీ స్థలానికి ఆనుకుని ఉంది. మిగతా ఎనిమిది ఇళ్లలో ఏ నష్టమూ రాలేదు. అది టీకా వల్లేనని గట్టిగా చెప్పను. కొన్ని ఇళ్లకు జబ్బు చేరనే లేదేమో.

మూడు వారాల తర్వాత, అంతకు వారం ముందు నట్టల మందు తాగించి, ఎనిమిది వారాలు దాటిన కోళ్లన్నిటికీ ఆర్2బి వేశాను. 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపితే కోడికి అర మిల్లీలీటరు, రెక్క దగ్గర చర్మం కిందికి సూదితో. ఏడు గంటలకు కలిపి, ఎనిమిదింబావుకి ఆఖరి కోడికి వేశాం. ఇల్లు ఇల్లు తిరగడానికి కోళ్లను ముందురోజు రాత్రే గంపల కింద మూసి ఉంచమన్నాను. అలా ఉంచని ఒక ఇంట్లో పుంజును పట్టడానికే పావుగంట పోయింది. కోళ్లను ఒకచోటికి తెమ్మంటే పని సులువే, కానీ అలా తెస్తే సంతలో జరిగిందే మళ్లీ మన చేతులతో చేసినట్టు. అందుకే కోడి గడప దాటదు, సీసాయే తిరుగుతుంది.

ఈ టీకా తర్వాత గుడ్లు పెట్టే పెట్టలు కొద్దిరోజులు గుడ్లు తగ్గించొచ్చు. ముందే చెప్పకపోతే గొడవవుతుంది. మొదటిసారి చెప్పడం మరిచాను. డాబా మీది కుర్రాడు ఐదు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

టీచర్ గారి పెరట్లో పైమట్టి మూడంగుళాలు గీకించి గోతిలో వేశాం. గూటిని సబ్బునీళ్లతో, తర్వాత బ్లీచింగ్ నీళ్లతో కడిగి, వల విప్పి ఎండలో పడేశాం. 45 రోజులు కొత్త కోడి తేవద్దన్నాను. ఆవిడ మూడు నెలలు ఆగారు. మిగిలిన పెట్టలు ఫిబ్రవరి ఆఖర్లో గుడ్లు మొదలుపెట్టాయి. మొదటివి వంకరగా, గరుకు పెంకుతో ఉన్నాయి, కొడితే తెల్లసొన నీళ్లలా పారింది. కొన్ని వారాలకు బాగుపడ్డాయి.

పుంజు సంగతి వేరు. 23న, ఇక గండం గడిచిందనుకుంటుండగా, దాని మెడ మెలితిరిగింది. తల వెనక్కి వాలి ముక్కు ఆకాశం వైపు లేచింది. ముక్కు గింజ మీద పడటం లేదు, వేరే చోట పొడుస్తోంది. బతకదు అన్నాను. ఆవిడ వినలేదు. తవుడు, ఉడికించిన గుడ్డు, నీళ్లు కలిపి ముద్దచేసి రోజుకి నాలుగుసార్లు తినిపించారు. ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో తల నిలిపి, కుడిచేత్తో చిన్న ముద్ద నోట్లో పెట్టి, మింగేదాకా గొంతు కింద వేలితో నిమిరేవారు. 40 రోజులకు అది తనంతట తాను గింజ ఏరుకుంది. మెడ పూర్తిగా సరికాలేదు, ఎవరైనా గట్టిగా తలుపు వేస్తే ఇప్పటికీ తిరుగుతుంది. కూతకు ముందు మాత్రం ఒక్క క్షణం నిటారుగా నిలుస్తుంది.

వీధిలో ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు ఆర్2బి, పొదిగిన పిల్లలకు ప్రతినెలా మొదటి ఆదివారం లసోటా. పిల్లలు ఒకేసారి పుట్టవు కాబట్టి ఐదు రోజులు దాటినవన్నీ ఆ ఆదివారం చుక్క వేయించుకుంటాయి. పుస్తకం లెక్కకు ఇది పూర్తిగా సరిపోదు, కానీ జరుగుతోంది. కొత్త కోడిని ఎవరు తెచ్చినా 21 రోజులు వేరే గంప, వేరే గిన్నె, మేత ఆఖర్న దానికే. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు మా ఊరు వాటి చుట్టూ నిఘా పెట్టిన 10 కిలోమీటర్ల పరిధిలో లేదు. అయినా ఆ రాత్రి తొమ్మిదిళ్ల వాళ్లూ ఫోన్ చేశారు. మన టీకా దానికి పనిచేయదని, పెరటి కోళ్లకు దానికి టీకా లేదని ఒక్కొక్కరికీ చెప్పాల్సివచ్చింది. కోళ్లను బయటికి వదలొద్దని, నీళ్ల గిన్నెలు కాకులకు అందకుండా పెట్టమని, ఒక్క కోడి హఠాత్తుగా పోయినా ముట్టుకోకుండా నాకు చెప్పమని అన్నాను. ఆ నెలలో ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. ఆటో అతని పెట్ట చచ్చిపోయింది, దాన్ని గంప కింద మూసి, పైన రాయి పెట్టి, పొద్దుటి నుంచీ బేరానికి కూడా వెళ్లకుండా కాపలా కూర్చున్నాడు. గంప ఎత్తి చూస్తే మెడ మీద పంటిగాట్లు ఉన్నాయి. ముంగిస పని.